నడుముకు కట్టుకునే కంప్యూటర్

“దీన్ని మీకంటే ముందే ఒకాయన కనిపెట్టేసినాడండి,” అంది ఆలిస్.

క్యాంటీన్ వరండాలో ఆమోసు చేతిలోని టీ గ్లాసు ఆగిపోయింది.

అది 1996, వానాకాలం. ఖరగ్‌పూర్‌లోని ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పాత పేటెంట్లు వెతికిపెట్టడం ఆలిస్ ఉద్యోగం. ఆమోసు అక్కడే ల్యాబ్‌లో ఇంజనీరు. అతని తండ్రి ఏలియా రైల్వే యార్డులో వ్యాగన్లు తనిఖీ చేస్తాడు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కాగితాలతో వ్యాగన్ దిగుతూ జారిపడి, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ పని చేసేవాళ్లకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలని, బెల్టులా కట్టుకుని మాటతో నడిపే కంప్యూటర్ తయారుచేశాడు ఆమోసు.

“వేరే దేశంలో పేటెంటు కూడా తీసుకున్నాడు. బెల్టు, మాట, కళ్లముందు చిన్న తెర, అన్నీ ఉన్నాయి.”

“నన్ను ఓడించాలనే వెతికినారా?”

“వెతకమన్నది మీరే కదండీ.”

అతను వానలోనే సైకిలెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ లైబ్రరీ ముఖం చూడలేదు. రోజూ ఏదో వంకతో తన టేబుల్ దగ్గర నిలబడే మనిషి రాకపోయేసరికి, లైబ్రరీ ఇంత పెద్దదా అనిపించింది ఆలిస్‌కి.

ఒక శనివారం సాయంత్రం ఊళ్లోనే పూరీ గేట్ పేటలో ఉన్న అతనింటికే వెళ్లింది. ఏలియా తలుపు తీశాడు. ఆమోసు బెల్టు విప్పి, అట్టపెట్టెలో పడేస్తున్నాడు.

“మీకు పేటెంటు రాదు, నిజమే. కానీ మన దేశంలో ఎవరూ తీసుకోలేదు. కలకత్తా పేటెంట్ ఆఫీసుకెళ్లి సూసొచ్చినాను. ఇక్కడ మీరు తయారుచేస్తే ఆపేవాళ్లు లేరు,” అంది ఆలిస్.

“నా పేరుండదు కదా.”

“నీ పేరు ఎవుడిక్కావాల్రా? నా నడుముకి కట్టు,” అన్నాడు ఏలియా.

ఆమోసు ఆలిస్ వైపు తిరిగాడు. “కలకత్తాకి లైబ్రరీ పని మీద ఎల్లినారా?”

“సెలవు పెట్టి ఎల్లినాను.”

అతను అట్టపెట్టెలోంచి బెల్టు మళ్లీ బయటికి తీశాడు. “ఆరోజు కోపం మీ మీద కాదు. పేటెంటు వచ్చినాక మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నాను.”

“అది లేకండా అడక్కూడదేటి?”

ఆమోసు తండ్రి వైపు చూశాడు. ఏలియా గోడవైపు తిరిగి నిలబడ్డాడు, కానీ గదిలోంచి కదల్లేదు.

“నన్ను పెళ్లి చేసుకుంటారా?”

ఆలిస్ తల వంచుకుని, సరేనన్నట్టు ఊపింది.

గోడవైపు నుంచే ఏలియా అడిగాడు. “అమ్మాయీ, మీ నాన్నగారు ఇంటికాడ ఎప్పుడుంతారు?”

“రేపు చర్చి నుంచి వచ్చినాక మలంచాలో మా ఇంటికాడే ఉంతారండి.”

“ఠీక్ హై,” అని ఏలియా, భార్య ఉన్న వంటింటి వైపు నడిచాడు. “కృపా, నా తెల్ల సొక్కా ఇస్త్రీ సెయ్యి.”