సిపాయిల మలుపులో హారన్

అరబ్బు దేశంలోని హద్రమౌత్ కొండ దారిలో సిపాయిల మలుపు పేరెత్తితే డ్రైవర్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. పాత యుద్ధంలో సిపాయిలతో నిండిన మిలిటరీ లారీ ఒకటి అక్కడే లోయలో పడిందట. ఒక్కరూ బతకలేదట. అప్పట్నుంచి రాత్రిపూట ఏ మిలిటరీ బండి కొండ ఎక్కినా, తమ బండే తిరిగొచ్చిందనుకుని వాళ్లు వెనకాల ఎక్కుతారట. ఎక్కి... ఆపమని తడతారట. ఆపినవాడు తెల్లారి కనబడడు. చప్పుడు వినబడితే ఆగకూడదు, వెనక్కి చూడకూడదు, హారన్ కొట్టుకుంటూ పోవాలి.

డ్రైవర్ యుస్లమ్‌ది మిలిటరీ వాళ్లు వేలం వేసిన రష్యా లారీ. ముసలిదే. కానీ వానలకు రోడ్డు కొట్టుకుపోయాక పెద్ద ట్రెయిలర్లు కొండ ఎక్కలేకపోయాయి. రేవులో దిగిన కంటైనర్లన్నీ ఇలాంటి బండ్ల మీదే పైకి పోతున్నాయి. దారిలో దొంగలు తెరవకుండా, కంటైనర్ తలుపుల్ని క్యాబిన్‌కి ఆనించి పెట్టి గొలుసులు బిగిస్తారు.

ఆ రోజు సరుకు సెలైన్. కొండమీద ఊళ్లో కలరా. అక్కడి ఆస్పత్రిలోనే యుస్లమ్ కూతురు నూరియా, ఆరేళ్లది, పడి ఉంది.

సాయంత్రం పెళ్లాం ఫోన్ చేసింది. "ఇక్కడ ఒక్క సీసా లేదు. పిల్ల కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తుంటే కన్నీళ్లు కూడా రావట్లేదయ్యా... తెల్లారేలోపు రా."

అంతే, యుస్లమ్ ఇంక బండి ఆపలేదు. రొట్టె కూడా ఒంటి చేత్తోనే తిన్నాడు.

పక్కన బావమరిది కరామా. అతనికి భయమేస్తే వాగుడెక్కువ. "దీనికన్నా మా తాత గాడిద నయం బావా. కొడితేనన్నా కదిలేది."

"దిగి తోస్తావా?"

"అమ్మో, వినబడిందేమో! నా బంగారు తల్లీ, ఏమీ అనుకోకు" అని డ్యాష్‌బోర్డు నిమిరాడు.

ఎత్తు మొదలయ్యాక ఆ వాగుడూ ఆగిపోయింది. మొదటి గేరు. ఇంజను మూలుగుతోంది. పక్కన లోయ, అడుగు కనబడదు. సిపాయిల మలుపు తిరుగుతుండగా వెనకాల ఏదో దబ్బున పడినట్టయింది. బండి ఒక్కసారి వెనక్కి లాగేసింది.

తర్వాత... టక్. టక్. టక్.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"గొలుసులే" అన్నాడు యుస్లమ్.

"గొలుసైతే గలగలమంటుంది బావా..." కరామా గొంతు గుసగుసలోకి దిగింది. "ఇది లోపల్నుంచి."

తలుపులు క్యాబిన్‌కి ఆని ఉన్నాయి. లోపలికి మనిషన్నవాడు పోలేడు.

యుస్లమ్ అరచెయ్యి హారన్ మీద పడింది. కొండంతా దద్దరిల్లింది. చప్పుడు ఆగింది. ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ— టక్, టక్. మళ్లీ హారన్.

"ఆపి చూద్దామా?"

"ఈ ఎత్తులో ఆపితే ఇది మళ్లీ కదలదురా. నా పిల్ల పోతుంది."

ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. యుస్లమ్ వెనక్కి తిరక్కుండానే బతిమాలుకున్నాడు. "అయ్యల్లారా, మీకూ పిల్లలుండే ఉంటారు... ఈ ఒక్క రాత్రికి నన్నొదిలేయండి. రేపు రమ్మంటే నేనే వస్తాను."

టక్... చాలాసేపటికి మరొకటి. ఆ తర్వాత ఏమీ లేదు.

"దిగిపోయారు" అన్నాడు కరామా. యుస్లమ్ కళ్లు తుడుచుకుని యాక్సిలరేటర్ తొక్కాడు.

తెలతెలవారుతుండగా ఆస్పత్రి ముందు ఆగారు. ట్రాక్టరుకి తాడు కట్టి కంటైనర్‌ని బారెడు వెనక్కి లాగి, తలుపు తీశారు. మొదటి పెట్టెలోని సెలైన్ నూరియా చేతికెక్కింది. చుక్క చుక్కగా దిగుతుంటే యుస్లమ్ గోడకి చేరగిలబడిపోయాడు.

అప్పుడు బయటినుంచి కరామా కేక. "బావా... లోపల మనిషి!"

రేవు కూలీ సబ్రీ. మధ్యాహ్నం ఎండకి తాళలేక, పెట్టెల మీదుగా పాకి చివరి సందులో నీడకి నడుం వాల్చాడు. చూసుకోకుండా తలుపులు వేసేశారు. బండి ఎత్తెక్కేటప్పుడు పెట్టెలు జారి అతని కాళ్ల మీద పడ్డాయి. అరుపు ఇంజను హోరులో కలిసిపోయింది. తట్టి పిలవడానికి చేతికందింది ఇనుప గోడ ఒక్కటే.

ప్రాణం దక్కింది. కాళ్ల మాట అడిగితే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "రాత్రే బయటికి తీసి ఉంటే..." అన్నాడు.

మధ్యాహ్నానికి సబ్రీకి తెలివొచ్చింది. నూరియా పక్క మంచమే అతనిది. అతను యుస్లమ్ చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"అన్నా, రెండు సెలైన్ సంచులు చింపుకుని తాగేశాను. తిట్టకు." పగిలిన పెదాలతోనే నవ్వాడు. "నేను తట్టినప్పుడల్లా హారన్ కొట్టావు చూడు... అన్నకి వినబడింది, ఆపడానికి చోటు చూసుకుంటున్నాడు, అనుకున్నాను. ఆ హారనే లేకపోతే నేను రాత్రే పోయేవాణ్ణి."

పక్క మంచం మీంచి నూరియా, "నాన్నా, నీళ్లు" అంది.

యుస్లమ్ లేచి నీళ్లు పట్టాడు. పిల్ల గుటకలు వేస్తుంటే, తల ఎత్తకుండానే అన్నాడు...

"అవును తమ్ముడూ. వినబడింది."