తొలి పిలుపుకే

బల్ల మీద మూడు వైర్‌లెస్ సెట్లు పరిచి ఇలియాస్ అరగంట నుంచి చెబుతూనే ఉన్నాడు. కడపలో అతనిది చిన్న అంగడి. చేపల పడవలకు పనికొచ్చే సెట్లు సముద్రం పక్క ఊళ్ల నుంచి తెప్పించి అమ్ముతాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న సుంకన్నకు అందులో సగం మాటలు చెవికెక్కడం లేదు. నాలుగు నెలలుగా ఆ మనిషికి కంటి నిండా నిద్ర లేదు.

"ఇది చౌకే గానీ తడిస్తే పోతాది. ఇదిగో, ఇది నీళ్లల్లో పడినా తేల్తాది. మాట్లాడేదానికి నొక్కే బటన్ పెద్దది, తడి చేత్తో అయినా నొక్కొచ్చు. నా మాట విని ఇదే తీసుకో అప్పా."

"సముద్రానికి పొయ్యేటోళ్ల సెట్టు మన గండికోట డ్యాము నీళ్లకు ఎందుకని మావోళ్లు నవ్వుతాండారు."

"నవ్వనీలే. మునిగేదానికి ఎన్ని నీళ్లు కావాల?"

సుంకన్న ఆ సెట్టు బటన్ నొక్కి చూశాడు. వాళ్లన్న గిడ్డయ్య మునిగింది ఆ నీళ్లలోనే.

ఆ రోజు పొద్దుగూకే వేళ ఉన్నట్టుండి గాలి లేచింది. కొండల నడుమ సెల్‌ఫోన్లకు సిగ్నల్ అందదు. అన్నదమ్ములిద్దరూ చెరో పడవలో ఉన్నారు. గాలిలో సుంకన్నకు తన పేరు వినపడింది. కాసేపటికి ఇంకోసారి వినపడింది. చీకటి పడేటప్పుడు నీళ్ల మీద ఎవరు పిలిచినా మూడో పిలుపుకు గానీ పలకకూడదని వాళ్లలో కట్టుబాటు. దెయ్యం రెండుసార్లకు మించి పిలవదంట. సుంకన్న నోరు మూసుకుని మూడో పిలుపు కోసం కాచుకున్నాడు. అది రాలేదు. మూడు రోజులకు అన్న శవం తేలింది. ఆ కట్టుబాటు పెట్టినోళ్ల నోట్లో మన్ను పడ!

"దీంట్లో ఒగటే రూలు," అన్నాడు ఇలియాస్. "పేరు వినపడితే ఎంటనే పలకాల."

"పలుకుతాం," అన్నాడు సుంకన్న. తేలే సెట్లే రెండు తీసుకున్నాడు.

రెండోది పెండ్లాం బసమ్మకు. గిడ్డయ్య పోయాక అతని పడవ ఎక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. వల రెండో కొస పట్టే దిక్కు లేక ఆమే ఎక్కింది. ఆమెకు గూడా ఏమన్నా అయితే ఇక తాను బతికేది లేదని సుంకన్నకు తెలుసు.

"తొలి పిలుపుకే పలకాల. మూడు దాకా లెక్కపెట్టాకు," అని ఒడ్డున ఆమె మెడలో సెట్టు తగిలించాడు.

"పొద్దుగూకినాక గూడానా?"

"ఎప్పుడైనా సరే. నా మీద ఒట్టు."

ఆమె సరేనంది.

ఆ సాయంత్రం గాలి లేదు. రాళ్లు ఇంకా వేడి కక్కుతున్నాయి. నీళ్ల మీద పాచి వాసన కమ్ముకుంది. సుంకన్న వల ఈ కొస పట్టుకుని ఒడ్డు దగ్గర పడవలో కూర్చున్నాడు. ఆ కొసతో బసమ్మ తెడ్లేసుకుంటూ పోయింది. మసక చీకట్లో ముందు ఆమె చీర రంగు పోయింది, తర్వాత పడవ పోయింది. తెడ్ల చప్పుడు మాత్రం మిగిలింది.

సెట్టు గరగరమంది.

"ఆ... చెప్పు," అంది బసమ్మ.

సుంకన్న తన చేయి చూసుకున్నాడు. బటన్ మీద వేలు లేదు.

"ఈడనే ఉండా... ఇంగా లోపలికా? వల ఇడిసిపెట్టేదా? సరే... వస్తాండా."

చేతిలోని వల ఒక్కసారిగా వదులైంది.

సుంకన్న సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. బటన్ నొక్కాడు. "బసమ్మా... యాడికి పోతాండావు? నేను పిలవలా."

జవాబు లేదు. తెడ్ల చప్పుడు దూరమవుతోంది.

"బసమ్మా..."

గరగర.

"బసమ్మా... ఎనక్కి రా మే..."

మూడుసార్లు పిలిచాడు. పాతకాలం లెక్కన ఇప్పుడామె పలకాలి. ఆ లెక్క వద్దని ఒట్టేయించుకుంది తానే గదా. వల నీళ్లలోకి విసిరేసి తెడ్లందుకున్నాడు. భుజాలు పీకుతున్నాయి. ఎంత వేసినా ఆ చప్పుడు దగ్గర కాలేదు.

సెట్టులో మళ్లీ ఆమె గొంతు వచ్చింది. గుసగుసగా... పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు...

"ఎవడో నీ గొంతుతో పిలుస్తాండాడయ్యా... నువ్వేం దిగులు పడాకు. నేను పలకన్లే."