అంబులెన్స్ పిలవొద్దు!

పరుగు!

కుతాయిసీ ఊళ్లో బజారు వీధి. చీకటి పడుతోంది. జోరున వాన.

ఎతేరి పరుగెడుతోంది. యాభైకి దగ్గరపడ్డ నర్సు. భుజాన సంచి. సంచిలో శుభ్రమైన సిరంజిలు... మత్తుమందుకు విరుగుడు, రెండే రెండు గాజు ఆంప్యూళ్లు.

వెనక నల్ల కారు!

ఆమె చెవిలో ఇంకా ఫోన్లో విన్న నార్గీజా గొంతే.

"అక్కా... మా ఆయన నీలంగా అయిపోయాడు! పిలిస్తే పలకట్లేదు!"

"ఎంత ఎక్కించుకున్నాడు?"

"తెలీదక్కా! నువ్వు రా! అంబులెన్స్ మాత్రం పిలవొద్దు!"

ఎందుకు పిలవొద్దో ఊరంతటికీ తెలుసు. అంబులెన్స్ వెనకే పోలీసు జీపు వస్తుంది. మత్తుమందు ఎక్కించుకున్నవాడు చస్తే శ్మశానం... బతికితే జైలు.

పాత దొరతనంలో ఇలాంటివాళ్లను ఆసుపత్రి మంచాలకు కట్టేసేవారు. ఎతేరి ఆ వార్డులోనే పనిచేసింది. ఆ దొరతనం కూలింది. జెండా మారింది. ఇప్పుడు నడివీధిలో ఆపి, చేతికి సీసా ఇచ్చి, మత్తు పరీక్షకని మూత్రం పోయమంటున్నారు.

అంతే తేడా!

"ఏయ్ నర్సమ్మా! ఆగు!"

కారులోంచి కేక. ఆ గొంతు ఆమెకు తెలుసు. రమాజ్! డ్రగ్స్ స్క్వాడ్ ఇన్‌స్పెక్టర్. పోయిన నెల ఆమె సంచి లాక్కుని, మందంతా బురదలో తొక్కేసింది వీడే.

ఆగితే నార్గీజా మొగుడు జుంబెర్ చస్తాడు.

ఆమె సందులోకి తిరుగుతుంది. భుజం తగిలి రేగుపళ్ల పచ్చడి సీసాలు భళ్లున పగులుతాయి.

"కళ్లు నెత్తికెక్కాయా!" కొట్లోని ముసలమ్మ అరుస్తుంది.

"పోలీసులు అత్తా!"

ముసలమ్మ మరో మాట మాట్లాడదు. తోపుడు బండిని సందుకు అడ్డంగా నెట్టేస్తుంది.

కీచుమని బ్రేకులు!

అదిగో నార్గీజా వాళ్ల బిల్డింగ్. నాణెం వేస్తేనే కదిలే లిఫ్టు. ఎతేరి జేబులో చిల్లర లేదు.

మెట్లు!

మూడో అంతస్తు మలుపులో కాలు జారుతుంది. సంచి గోడకు కొట్టుకుంటుంది.

టప్!

చెయ్యి పెట్టి చూస్తుంది. ఒక ఆంప్యూల్ పిండి పిండి.

ఇంకొకటి... ఉంది.

ఐదో అంతస్తు. తలుపు తెరిచే ఉంది. వంటగది నేల మీద జుంబెర్. పెదాలు సీసం రంగు. పక్కన నార్గీజా, చేతిలో తడిగుడ్డ. ఆమె క్షయతో చిక్కి శల్యమైన మనిషి.

"ఊదుతూనే ఉన్నానక్కా... దగ్గొచ్చేస్తోంది..."

"జరుగు!"

ఎతేరి అతని తల వెనక్కి వంచుతుంది. ముక్కు మూస్తుంది. నోట్లో ఊదుతుంది. మళ్లీ. మళ్లీ.

ఛాతీ లేస్తోంది. పెదాలకు కాస్త రంగు వస్తోంది. ఇక సూది వెయ్యాలి. ఆంప్యూల్ మెడ విరుస్తుంది. మందు సిరంజిలోకి లాగుతుంది...

"అది ఇటివ్వు!"

గుమ్మంలో రమాజ్! చేతిలో పిస్టల్. ఒళ్లంతా వాన.

"కాల్చుకో!" ఎతేరి తిరిగి కూడా చూడదు. "వీడికి సూది వేశాక కాల్చుకో!"

"నర్సమ్మా..." అతను పిస్టల్ దించుతాడు. "నిన్ను పట్టుకోవడానికి కాదు. మా తమ్ముడు... బాచో... కింద కార్లో ఉన్నాడు."

ఆమె చెయ్యి ఆగిపోతుంది.

"ఊపిరుందా?"

"లేదు."

"అంబులెన్స్ పిలవలేదేం?"

అంబులెన్స్ వెనక వచ్చే జీపు అతనిదే.

"ఇవ్వకక్కా!" నార్గీజా కాళ్లు పట్టుకుంటుంది. "ఈయన్ని జైల్లో పెట్టింది వీడే! పీనుగు చేసి పంపింది వీడే!"

ఒక్క సిరంజి మందు. ఇద్దరు మనుషులు.

జుంబెర్‌కు ఎవరో ఒకరు ఊదుతుంటే ప్రాణం నిలుస్తుంది. కింద ఉన్నవాడికి ఆ గడువు లేదు.

ఎతేరి లేస్తుంది.

"రా. మోకాళ్ల మీద కూర్చో."

"ఏంటి?"

"వీడి నోట్లో నువ్వు ఊదాలి. ఆపావంటే చస్తాడు. చేతకాదంటే చెప్పు, ఈ మందు ఇక్కడే వాడేస్తా!"

రమాజ్ పిస్టల్ పక్కన పెడతాడు. కూర్చుంటాడు. తను జైలుకు పంపిన మనిషి నోటికి నోరు ఆనిస్తాడు.

ఊదుతాడు!

ఎతేరి మెట్లు దూకుతుంది. కారు వెనక తలుపు లాగుతుంది. సీటు మీద పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు. ముఖం నీలం. కోటు మీంచే భుజానికి సూది గుచ్చుతుంది. నోట్లో ఊదుతుంది.

"రారా... వెనక్కి రారా నాయనా..."

ఏమీ లేదు.

ఇంకా ఏమీ లేదు...

హఠాత్తుగా గొంతులో గురక! ఒళ్లంతా ఒక్క కుదుపు! బాచో కళ్లు తెరుస్తాడు. వణుకుతూ సీటు పక్కకు వాంతి చేసుకుంటాడు.

బతికాడు!

ఎతేరి కారుకు ఆనుకుని నవ్వబోతుంది. ఏడుపు వస్తుంది.

ఢాం!

పైనుంచి!

పావురాలు గుంపుగా లేస్తాయి. ఐదో అంతస్తు కిటికీ తెరుచుకుంటుంది. నార్గీజా. ఆమె చేతిలో పిస్టల్.

"అక్కా! ఊపిరొచ్చింది! మా ఆయనకి ఊపిరొచ్చింది!"

వాన హోరులో ఆమె గొంతు చీరుకుపోతోంది.

"వాడే ఊదాడక్కా... ఆపకుండా ఊదాడు! ఈయన కళ్లు తెరవగానే... వాడు నడుముకున్న బేడీలు తీశాడు!"

ఎతేరి మెట్లవైపు అడుగేస్తుంది.

ఆమె కోటు అంచును వెనక నుంచి ఎవరో లాగుతున్నారు. బాచో. పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఆవిడ ఎవర్నంటోంది?" అంటాడు. "మా అన్నయ్యేడీ?"