ఇద్దరుంటేనే పొయ్యి వెలిగిస్తారు

"సముద్రం కనిపించే గది అన్నారు. ఇదేనా సముద్రం?"

బోరమ్ కిటికీ తెర లాగి చూపించింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో పక్క భవనం గోడ. దానికి నీలం రంగు.

"రంగైతే అదేనండీ" అన్నాడతను మెల్లగా.

"జోకులొద్దు! నేల వేడెక్కదు. కుళాయి కారుతోంది. తలగడంతా ఎండుచేపల వాసన. తేజాన్ నుంచి అంత దూరం బస్సులో కూర్చుని వచ్చింది దీనికా?"

లాడ్జి కౌంటర్లో ఎవరూ లేకపోతే, అక్కడ కాఫీ కలుపుకుంటున్న అతన్నే పిలుచుకొచ్చింది. అతను ఎదురు చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని నేల కింది వేడినీళ్ల గొట్టం మర తిప్పాడు, కుళాయి బిగించాడు. కాసేపటికి పాదాల కింద వెచ్చబడింది.

"ఇంకేమైనా బాగోలేదా అండీ?" అని అడిగాడు. ఇంకా ఏదో ఒకటి పాడై ఉంటే బాగుండునన్నట్టుంది ఆ అడగడం.

సాయంత్రం ముసలి యజమానురాలు కూరగాయల సంచీతో వచ్చింది.

"మీ మేనేజరు మంచివాడు, బామ్మగారూ."

"మేనేజరెవరమ్మా? అన్నీ నేనేగా! అతను మూడో నంబరు గదిలో దిగినాయన."

బోరమ్ చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు కూడా తీసుకోకుండా అతన్ని వెతుక్కుంటూ జల్లులో పరుగెత్తింది. అతను సముద్రపు గట్టు మీద గొడుగు వేసుకుని ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"చెప్పొచ్చుగా! ఎందుకు తిట్లన్నీ పడ్డారు?"

"నాతో ఎవరైనా అంతసేపు మాట్లాడి మూడు రోజులైంది" అన్నాడు. "నా పేరు క్యాంగ్‌తే. ఉల్సాన్‌లో క్రేన్ నడుపుతాను. పైన రోజంతా ఒక్కడినే. సెలవులోనైనా జనంలో ఉందామని వచ్చాను. ఇక్కడ చూస్తే కొంగలు తప్ప ఎవరూ లేరు."

బోరమ్ ముఖం మీది వాన నీళ్లు తుడుచుకుంది.

"రేపు స్నేహితురాలొస్తుందని బామ్మగారికి చెప్పాను. ఎవరూ రారు. ఒంటరిగా వచ్చానంటే జాలిపడతారని అబద్ధమాడాను."

అతను గొడుగు ఆమె వైపు వంచాడు. అతని భుజం తడుస్తోంది.

"భోంచేశారా?" అంది.

"మూడు రోజులుగా నూడుల్సే. ఇక్కడ చేపల పులుసు ఒక్కడికి పెట్టరండీ. ఇద్దరుంటేనే పొయ్యి వెలిగిస్తారు."

రేవు పక్క హోటల్ తలుపు తీయగానే లోపలి నుంచి ఒకావిడ కేకేసింది.

"ఎంతమంది?"

క్యాంగ్‌తే బోరమ్ వైపు చూశాడు.

"ఇద్దరం" అంది బోరమ్.