లీల గీసిన గీతలు

అన్నం తిన్న ప్లేట్లు కడిగి బోర్లించేశారు. పిల్లల చేతులకు గుడ్డు వాసన ఇంకా పోలేదు. అంతలో కృపారాణి మేడం ఫోను మోగింది.

"ఆలూరు నుంచి ఆఫీసరు వస్తాండారంట. జీపు చేల మధ్య దారి తప్పిందంట," అంది మేడం చెప్పులు వేసుకుంటూ. "మలుపు దాకా పోయి తీసుకొస్తా. లీలా, బడి చూసుకో. ఎవరి పని వాళ్లను చేసుకోనీ."

ఐదో తరగతి శివలీల లేచి నిలబడింది. బడి చూసుకోవడమంటే మాటలా? ఆ బడికి గది ఒకటే, టీచరు ఒక్కరే, తరగతులు మాత్రం ఐదు. గోడకొక తరగతిని అప్పగిద్దామన్నా ఒక తరగతి మిగిలిపోతుంది. ఒకటో తరగతి పిల్లలకు మేడం అంటే అమ్మ. ఐదో తరగతి వాళ్లకు అమ్మో. తరగతులు ఐదైనా, తరగని గోల మాత్రం ఒకటే.

కూర్చునే తీరు ఇంకా వింత. నేల మీద చాపలు. ఒకటో తరగతి ఓబులేష్ పక్కన మూడో తరగతి సాజియా. బోర్డు కింద రెండో తరగతి గంగక్క. గోడ వారన నాలుగో తరగతి తిమ్మన్న. అందరి నడుమా లీల. ఒక్క వరస కూడా తిన్నగా ఉండదు. కానీ చూస్తే అందరూ ఒకరికొకరు ఏదో వరసయ్యేవాళ్లలాగే ఉంటారు.

లీలకు ఇది నచ్చదు. సెలవుల్లో కల్లూరు పోయినప్పుడు చిన్నాయన కొడుకు భూపేష్ తన బడి చూపించాడు. తరగతికొక గది. గదికొక బోర్డు.

"నాది ఫోర్త్ బి సెక్షన్," అన్నాడు భూపేష్.

సెక్షన్లు పోలీసులు పెడతారని మాత్రమే లీలకు తెలుసు. "ఏం తప్పు చేస్తివిరా?" అని జాలిగా అడిగింది.

భూపేష్ పడీ పడీ నవ్వాడు. "మీ బడిలో ఎట్ల కూచుంటారు మరి?"

లీల చెప్పింది. వాడు ఇంకా నవ్వాడు. "అది బడి కాదు లేక్కా, సంత."

ఆ మాట లీల మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు ఆఫీసరు కూడా వచ్చి సంత అంటే?

ఆమె సుద్దముక్క తీసింది. చాపలు చుట్టించింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద గీతలు గీసింది. చేనుకు గట్లు వేసినట్టు గది ఐదు ముక్కలైంది.

"ఒకటో తరగతి ఈడ. రెండో తరగతి ఆడ. ఎవరూ గీత దాటగూడదు."

"అక్కా, నేను వీని పక్కనే కూచుంటా," అంది సాజియా, ఓబులేష్ చెయ్యి పట్టుకుని.

"నువ్వు మూడు. వాడు ఒకటి. ఎట్ల కూచుంటావు?"

"కాదక్కా, వాడు..."

"చెప్తాండా కదా. పో."

సాజియా చెయ్యి వదిలేసింది.

లీల గుమ్మంలో నిలబడి చూసుకుంది. గది నూనె రాసి దువ్విన తలలా నున్నగా ఉంది. అందులో పేలు కనిపించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఏం చెప్పినా తిమ్మన్న "ఏమంటివి?" అంటున్నాడు. గంగక్క కళ్లు చిట్లించి, బోర్డు వైపు పాకుతూ గీత దాటేసింది. రెండో తరగతి పిల్లలకు లెక్క ఆగిపోతే అడగడానికి పక్కన పెద్దవాళ్లు లేరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకటో తరగతిలో ఒక పాప ఏడుపు మొదలుపెట్టింది. మిగిలినవాళ్లు ఎక్కం అందుకున్నట్టు అందుకున్నారు.

ఓబులేష్ ఒక్కడే ఏడవలేదు. అందుకే వాడిని ఎవరూ చూడలేదు. వాడు లేచాడు. గీత దాటాడు. గడప కూడా దాటాడు.

"అక్కా, ఓబులేషు," అంది సాజియా.

వాడు గేటు దగ్గర ఉన్నాడు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని, నుదురు ఆనించి నిలబడ్డాడు.

బడి తెరిచిన కొత్తలో వాడు రోజూ అలాగే నిలబడేవాడు. వాళ్లమ్మ చేనికి వెళ్లిపోయిన దారినే చూస్తుండేవాడు. మేడం పిలిచినా కదిలేవాడు కాదు. ఒకనాడు సాజియా ఊరికే పక్కన పోయి నిలబడితే, ఆమె వెనకే లోపలికి వచ్చాడు. "ఈసారి గేటు పట్టుకున్నాడంటే, నాతోనే చేనికి తోలుకుపోతా మేడం. చదువొద్దు ఏమొద్దు," అని వాళ్లమ్మ అప్పుడే చెప్పింది.

లీల పరుగెత్తింది. "రా ఓబులేషూ. లోపలికి పోదాం."

వాడి పిడికిళ్లు ఇంకా బిగిశాయి.

లీల వెనక్కి వచ్చింది. ఏమీ తోచక, పావడాతోనే గీతలు తుడవడం మొదలుపెట్టింది.

"తిమ్మన్నా, నువ్వు యాడ కూచుంటాంటివి?"

"ఆ గోడ పక్కన. నాకు ఈ చెవి వినపడదు కదా. వినపడే చెవి మేడం దిక్కు ఉండాల."

లీల చెయ్యి ఆగింది. తిమ్మన్న మాట వినడనే ఇన్నాళ్లూ అనుకుంది. మాట వినపడదని అనుకోలేదు.

"నాకు దూరం అక్షరాలు మసగ్గా ఉంటాయి," అంది గంగక్క.

"ఈ చిన్నోళ్లకు తీసివేతలు చెప్పమన్నాది మేడం," అన్నాడు నాలుగో తరగతి గోపన్న. "చెప్పీ చెప్పీ నాకే వచ్చేసినాయి."

అవ్వ బొంత కుట్టేటప్పుడు గుడ్డ పేలికలన్నీ ఎలా పడితే అలా పరిచినట్టే ఉంటుంది. తిప్పి చూస్తే కింద కుట్టు ఒకటే. మేడం వేసిన అలాంటి కుట్టు మీదే లీల రోజూ కూర్చుంటోంది. ఒక్కరోజూ చూడలేదు.

"మరి నేనెందుకు నడుమ?" అని మెల్లగా అడిగింది.

"నువ్వు గట్టిగా చదువుతావు కదక్కా," అంది సాజియా. "అన్ని దిక్కులా వినపడుతుంది."

"మీరు వింటారా?"

గంగక్క చెప్పింది. "భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది..."

అది లీల పాఠం. ఐదో తరగతి పాఠం. గోపన్న అందుకున్నాడు. తిమ్మన్న అందుకున్నాడు. ముక్కు తుడుచుకుంటూ ఒకటో తరగతి పాప కూడా అందుకుంది. లీల నోరు తెరవకుండానే లీల పాఠం గదంతా తిరుగుతోంది.

లీల ఒక చాప ఎత్తి చంకలో పెట్టుకుంది.

"అందరూ లేవండి. చాపలు పట్టండి."

"యాడికక్కా?"

"గేటు కాడికి."

పొద్దు పడమటికి వాలింది. బడి నీడ సాగి సాగి గేటు దాకా వచ్చి ఉంది. ఆ నీడలోనే చాపలు పరిచారు. ఎవరి చోటు వాళ్లది. తిమ్మన్నకు వినపడే చెవి ఇటు. గంగక్క ముందుకి. ఓబులేష్ పక్కన సాజియా. వాడిని ఎవరూ రమ్మనలేదు. చుట్టూ కూర్చున్నారంతే.

లీల నడుమ కూర్చుని, పుస్తకం తెరిచి గట్టిగా చదివింది. "భూమి తన చుట్టూ తాను తిరుగుతూ..." ఊపిరి కోసం ఆగింది.

"సూర్యుని చుట్టూ తిరుగుతుంది," అంది గేటు వైపు నుంచి ఒక గొంతు.

చాలా చిన్న గొంతు. ఎవరూ కదల్లేదు. లీల తర్వాతి మాట సగమే చదివి ఆపింది. మిగిలిన సగం ఓబులేష్ చెప్పాడు. ఒక చెయ్యి ఊచను వదిలింది.

అప్పుడే దుమ్ము రేపుకుంటూ జీపు వచ్చి గేటు ముందు ఆగింది. మేడం దిగింది. చాపల వంక చూసింది. ఎవరి పక్కన ఎవరున్నారో ఒక్కొక్కరినే చూసింది. లీల పావడా నిండా ఉన్న సుద్దను కూడా చూసింది.

"ఏమమ్మా పాపా, గేటు తీస్తారా?" అన్నాడు ఆఫీసరు జీపులోంచి తల బయటపెట్టి. లోపలికి పోదామంటే దారి లేదు. బడే అడ్డంగా కూర్చుని ఉంది.

లీల లేచి నిలబడింది. గొంతు తగ్గించి, చాలా మర్యాదగా చెప్పింది.

"కొంచెం ఆగండి సార్. ఓబులేష్ పాఠం చెప్తాండాడు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.