గూడకు అవతలి మనిషి

మొదటి గూడకే వాగు నీళ్ళన్నీ చంద్రమ్మ మొహాన పడ్డాయి.

"కండ్లు కనవడ్తలేవా?" అంది ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నారుమడికి నీళ్ళు తోడుతున్నవా, నాకు తానం పోస్తున్నవా?"

"నువ్వే తాడు వదులు చేసినవ్," అన్నాడు బిక్షం.

"నేను వదులు జెయ్యలే. నువ్వే ఎద్దును గుంజినట్టు గుంజినవ్."

గట్టు మీద కూర్చున్న సుక్కమ్మ ఆకు నములుతూ ఇద్దరినీ చూసింది. చంద్రమ్మ ఆమెకు కోడలు.

"కొట్లాడుండ్రి, ఇంకింత కొట్లాడుండ్రి. మీ కొట్లాట తడికే నారు బతుకుతది," అంది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. తొలకరి తెచ్చే మిరుగు కార్తె వచ్చినా మబ్బు రాలేదు. గరిడేపల్లి వాగులో నీళ్ళు అడుగుకు దిగిపోయాయి. గట్టు పక్క నారుమళ్ళు పసుపుబారుతున్నాయి. మిగిలిన దారి గూడ ఒక్కటే. తాటాకుతో అల్లిన బుట్ట, దానికి రెండు వైపులా రెండేసి తాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంచాలి, ఊపాలి, గట్టు మీది కాలువలోకి కుమ్మరించాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

సుక్కమ్మ భుజాలకు ఇక ఆ సత్తువ లేదు. పక్క మడిని కౌలుకు తీసుకున్న బిక్షం దామరచర్ల నుంచి ఒంటరిగా వచ్చాడు. అందుకే ముసలామె ఒప్పందం కుదిర్చింది. పొద్దున కోడలూ అతనూ కలిసి తన మడికి, సాయంత్రం అతని మడికి.

ఒప్పందమైతే కుదిరింది కాని చేతులు కుదరలేదు. గూడ పైకి వచ్చేసరికి అతని గుంజుడు ముందే వచ్చేది. ఆమె చేతులు క్షణం సేపు ఆగేవి. బుట్ట ఒరిగి సగం నీళ్ళు తిరిగి వాగులోనే పడేవి. ఆ సగం చప్పుడు వింటూ ఇద్దరూ ఒకరినొకరు గుర్రుగా చూసుకునేవాళ్ళు. ఏ వరసా పెట్టి పిలుచుకునేవాళ్ళు కారు.

ఒకరోజు బిక్షానికి విసుగు వచ్చింది.

"పైకొచ్చినంక గాడ ఎందుకు ఆగుతున్నవ్? ఎవల కోసం?"

చంద్రమ్మ మొహంలో ఏదో ఆరిపోయింది. తాళ్ళు నేల మీద పెట్టి, వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. ఆ రోజుకు పని అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు అతనికంటే ముందే వచ్చింది. తాళ్ళు చేతికి చుట్టుకుంటూ అడిగింది.

"నువ్వు ఎవల్ని గుంజుతున్నవ్?"

"ఏంది?"

"నా చేతులల్ల గంత బలం లేదని నీకు ఎరికే. అయినా అవతల ఎవలో పహిల్వాన్ నిలవడ్డట్టే గుంజుతున్నవ్. ఎవలాయన?"

బిక్షం వాగులోకి చూశాడు. కాస్తంత నీటిలో కాస్తంత ఆకాశం కదులుతోంది. చిన్నప్పటి నుంచి గూడకు అవతల ఒక్కడే ఉండేవాడు. కళ్ళు మూసుకున్నా ఆ బరువు ఎప్పుడు వస్తుందో అరచేతులకు తెలిసేది.

"మా అన్న, సత్తయ్య," అన్నాడు. "రజాకార్లు తీస్కపోయిండ్రు. మళ్ళ రాలే."

చంద్రమ్మ చేతికి చుట్టుకున్న తాళ్ళు వదులు చేసింది.

"గూడ పైకొచ్చినంక మా ఆయన జర ఆగి ఊపిరి తీస్కునేటోడు. రజాకార్లకు బెదిరి అందరం కోదాడ దాటి అవతలికి ఉరికినప్పుడు, గాడ గుడిసెలల్ల గత్తరొచ్చి, వాంతులు బేదులై పోయిండు. నేను ఆపుతలేను. నా చేతులే గాడ ఆగుతున్నయ్."

గట్టు మీద కొంగ ఒకటి వచ్చి వాలి, తనకేమీ దొరకదని తెలిసి లేచిపోయింది.

"అంటే ఇన్ని రోజులు ఒక్క గూడకు నలుగురున్నరన్నట్టు," అన్నాడు బిక్షం మెల్లగా.

"గందుకే నీళ్ళన్నీ ఒలికినయ్," అంది చంద్రమ్మ. అంటూనే నవ్వింది. ఆ నవ్వు తనది కాదేమో అన్నట్టు తానే ఉలిక్కిపడింది.

"ఇగో, ఒక పని జెయ్యి," అంది తర్వాత. "నీళ్ళను సూడకు, తాడును సూడకు. నన్ను సూడు."

"నిన్నా?"

"గూడకు అవతల ఉన్నది నేనే గద. గట్ల గుడ్లప్పగించి కాదు! పనికి సరిపడ సూడు."

పనికి ఎంత సరిపడుతుందో బిక్షానికి తెలియలేదు. ఎండ తగిలితే ఆమె ఎడమ కన్ను చిన్నదవుతుందని చూశాడు. గూడ ఎత్తే ముందు కింది పెదవి పంటితో పట్టుకుంటుందని చూశాడు. పెదవి వదిలిన క్షణాన అతను లాగాడు. గూడ నిండుగా లేచింది, నిండుగా వంగింది. ఆ ఊపు సత్తయ్యది కాదు, ఆమె భర్తదీ కాదు. అప్పటిదాకా ఎక్కడా లేనిది, ఇప్పుడు ఉంది.

ఆ తర్వాతి పొద్దులు నీటి అడుగున జరిగినట్టు జరిగాయి. మునిగే చప్పుడు, లేచే చప్పుడు, మధ్యలో ఆమె మొహం. మళ్ళు పచ్చబడ్డాయి.

ఒక సాయంత్రం చేతులు కడుక్కుంటుండగా బిక్షానికి చటుక్కున స్ఫురించింది. ఆ రోజంతా అన్న గుర్తుకు రాలేదు. ఒక్కసారి కూడా. ఇన్నాళ్ళూ పట్టుకుని ఉన్న చేతిని తానే వదిలేసినట్టు ఒళ్ళు చల్లబడింది.

మర్నాడు అతను వాగుకు పోలేదు.

ఎండెక్కాక గుడిసె తడిక దబదబ మోగింది. బయట చంద్రమ్మ, నడుముకు కొంగు బిగించుకుని.

"జరమా?"

"కాదు."

"మరి?"

"నిన్న దినమంత అన్న యాదికి రాలే." బిక్షం తల ఎత్తలేదు. "గంత తొందరగ మరిచిపోయిన."

ఆమె గడప మీద కూర్చుంది. ఓదార్చలేదు. కొంచెం ఆలోచించి అడిగింది.

"ఇప్పుడు మీ అన్న గీడుంటే, నారు ఎండవెట్టి పండుకున్నవని నిన్ను ఏమని తిట్టేటోడు?"

"గాడిద కొడకా అనేటోడు."

"ఇద్దరు ఒక్క తండ్రి కొడుకులే గద!"

బిక్షానికి నవ్వు వచ్చింది. ఆపుకోలేనంత వచ్చింది. సత్తయ్య ఆ తిట్టు తిట్టిన ప్రతిసారీ నాన్న కర్ర పట్టుకుని ఇద్దరినీ వాడంతా తరిమేవాడు. అది చెబుతూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. అన్న పోయాక అతని గురించి నవ్వడం అదే మొదలు. చంద్రమ్మ ఊరకే కూర్చుని ఉంది. వాన కోసం చూసేవాళ్ళు కూర్చున్నట్టు.

"అయిందా?" అంది చివరికి. "అయితే లే. నేనొక్కదాన్నే రెండు దిక్కుల నిలవడలేను."

ఆ వారంలోనే వాన వచ్చింది. వానతో పాటే ఆమె అన్న కిషన్ ఎడ్లబండి కట్టించుకుని వచ్చాడు. కోదాడలో బస్సులు ఆగే చోట అతనికి చాయ్ హోటల్ ఉంది. చెల్లెల్ని తనతో తీసుకుపోతానని ఎప్పటి నుంచో కబురు పంపుతున్నాడు.

"మూట కట్టుకో అమ్మా. వాగు పొంగితే బండి దాటదు," అన్నాడు. "నీకిక్కడ ఎవరున్నారు చెప్పు?"

చంద్రమ్మ చీరలు మడతపెట్టింది. సుక్కమ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు.

బండి సంగతి తెలిసి బిక్షం వానలో పరుగెత్తుకొచ్చాడు. లోపలికి రాకుండా చూరు కింద ఆగిపోయాడు.

"వాన పడ్డది," అన్నాడు.

"కనవడ్తనే ఉన్నది."

"ఇగ గూడ పని లేదు."

"లేదు."

అతను మొహం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు. "మరి రేపు పొద్దున నేను యాడికి రావాలె?"

ముడి వేస్తున్న చంద్రమ్మ చేతులు ఆగాయి. ఈసారి ఎవరి కోసం ఆగాయో ఆమెకు తెలుసు.

"ఎవరే ఇతను?" అన్నాడు కిషన్.

"గూడకు అవతలి మనిషి," అంది చంద్రమ్మ. కొంచెం ఆగి చెప్పింది. "నాకిక్కడ ఎవరున్నరని అడిగితివి గదనే అన్నా. వీళ్ళిద్దరున్నరు."

సుక్కమ్మ కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల కావచ్చు.

"గిన్ని దినాలు నేను గట్టు మీద కూసున్నది నారును సూసేతందుకే అనుకున్నరా?" అంది. "కొడుకు పోయిండు. గాయన జాగ గాయనకే ఉంటది. ఇదైతే నాకు బిడ్డ లెక్క. మా ఇండ్లల్ల మారుమనువు కొత్తేం గాదు. ఓ బిక్షం, ఇగ నుంచి నన్ను అత్తా అని పిలువు."

"మరి నన్నేమంటాడు?" అన్నాడు కిషన్, ఇంకా తేరుకోకుండానే.

"బావా," అన్నాడు బిక్షం. పిలిచాక చెవులు ఎర్రబడ్డాయి.

కిషన్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. చెల్లెలి మొహం చూశాడు. బయటికి వెళ్ళి ఎడ్లను విప్పేశాడు.

చంద్రమ్మ మూట ముడి విప్పి కంచాలు తీసింది. బిక్షం ఇంకా చూరు కిందే ఉన్నాడు. ధార అతని భుజం మీద పడుతోంది.

"చెప్పలేదు గద," అన్నాడు. "రేపు పొద్దున..."

"రేపటిది రేపు సూద్దాం. ఇప్పుడైతే లోపటికి రా," అంది చంద్రమ్మ. "అన్నం చల్లగైతున్నది."