పంపినవారి పేరు

శుక్రవారం పొద్దున కువైట్ సిటీ మిర్కాబ్‌లోని డిటెక్టివ్ ఉదయ్‌కుమార్ ఆఫీసుకు వెంకటేశ్వరి వచ్చింది. రాయచోటి మనిషి, ఓ కువైటీ ఇంట్లో వంటపని. భర్త పోయి ఆరేళ్లు. కుర్చీ అంచునే కూర్చుంది, సిగ్గుతో తల ఎత్తలేదు.

"అహ్మదిలో డ్రైవర్ సురేష్‌తో రెండేండ్లు కలిసి తిరిగినా సార్. మార్చిలో ఏడు వందల దినార్లు అప్పిచ్చినా. ఇప్పుడు ఇయ్యనేలేదంటాండాడు. వారంలో ఊరికి పోవాల. అది నా కొడుకు కాలేజీ ఫీజు. వానికేమని చెప్పేది?"

"కాగితం ఏవన్నా ఉందా అమ్మా?"

"ఏం లేదు సార్." చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది.

మనసిచ్చినవాడి దగ్గర నోటు రాయించుకునే తెలివి ఎవరికుంటుంది? ఉదయ్ ఇంకేమీ అడగలేదు. అసిస్టెంట్ షావలి కారు తీశాడు. వాడికి తన బ్రేకుల మీద కన్నా ఉదయ్ బుర్ర మీదే నమ్మకం ఎక్కువ.

సురేష్ రూంలో తాపీగా టీ తాగుతున్నాడు.

"ఏం దుడ్లు సార్? మార్చిలో నా ఇఖామా కార్డు గడువు ఖలాస్. ఇంటికే రూపాయి పంపలేకపోయినా."

"మీ ఆవిడ బాగున్నారా?"

"బాగుండాది. మార్చిలోనే కడపలో ఆపరేషన్. రెండు లక్షలు ఒక్కరోజులో కట్టేసినాం."

ఆ సాయంత్రం సురేష్‌తో సహా అందరూ మిర్కాబ్‌లో కూర్చున్నారు.

"ఇఖామా అయిపోతే ఇంటికి డబ్బు పంపే ఎక్స్‌ఛేంజి కౌంటర్లో ఆ కార్డు చెల్లదు," అన్నాడు ఉదయ్. "ఐనా ఏడు వందల దినార్లకు సరిపడా రెండు లక్షలు కడప చేరాయి. అలాంటప్పుడు మనోళ్లు ఏం చేస్తారు? కార్డు చెల్లే మనిషిని తీసుకెళ్తారు. పంపినవారి పేరు ఆ మనిషిదే పడుద్ది, రసీదూ ఆ చేతికే వస్తది. కాగితం అనగానే సంచి పట్టుకున్నారు, వెంకటేశ్వరి గారూ."

ఆమె సంచి తెరిచింది. రసీదు బల్ల మీద పెట్టింది. డబ్బు అందుకున్నవారు: పోలేరమ్మ.

షావలి నోరు తెరిచాడు. "ఉండి ఎందుకు దాచినావక్కా?"

"ఆయప్ప పెండ్లాం పేరది. పెండ్లామున్నట్టు తెలిసే తిరిగినా. కౌంటర్లో ఆమె నీకు ఎవరని అడిగితే నా చెల్లెలని చెప్పినా. ఆ కాగితం ఎవురికి చూపేది?"

సురేష్ తేరుకున్నాడు. "ఇష్టపడి పంపింది. అప్పని యాడ రాసుంది?"

ఉదయ్ రసీదు మీది నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆ రెండు లక్షలు ఏ లెక్కన వచ్చాయని చెప్పాడు మీ ఆయన, అని మాత్రమే అడిగాడు.

"అప్పని సార్," అంది పోలేరమ్మ. "వెంకటేశ్వరక్క ఇచ్చిందంట. నెలనెలా ఆమెకు తీరుస్తాండానని మాకు సగం జీతమే పంపిస్తాండాడు. ఇంకా తీర్లేదా?"

షావలి కాగితం, పెన్ను సురేష్ ముందుకు తోశాడు. ఇంటికి పంపకుండా దాచుకున్నదంతా రేపే తెచ్చి అప్పు కడతానని సురేష్ కాగితం రాశాడు.

"అక్క ఆడుందా సార్?" అంటోంది ఫోన్. "అక్కా, నీ పుణ్యాన బతికినా. ఊరికొస్తే మా ఇంటికి రా. ఒక పూట అన్నం తిని పో."

వెంకటేశ్వరి వస్తానని అనలేకపోయింది, రానని అనలేకపోయింది. చున్నీతో ముఖం కప్పుకుంది.